మే నెల మిట్టమధ్యాహ్నం ఇక్కడికి ఎవరు వస్తారు?

పశ్చిమ రాజస్థాన్ ఊళ్ళలో కమ్యూనిటీ హాలు ఎక్కడుందో ఎవరినీ అడగనక్కర్లేదు. ఊరి చివర, చెట్టూ చేమా లేని చోట, లేత పసుపు రంగు వేసిన పెద్ద గది ఒకటి కనిపిస్తుంది. గోడకు ప్రారంభోత్సవం చేసిన నాయకుడి పేరుతో శిలాఫలకం, తలుపుకు తాళం. సాయంత్రం నాలుగింటికి అటు వెళ్తే ఇంకో దృశ్యం కూడా చూడవచ్చు. తూర్పు గోడ నీడలో ఒక ముసలాయన నులక మంచం వాల్చుకుని ఉంటాడు. పిల్లలు గోళీలాడుతుంటారు. మేకలు గోడను ఆనుకుని నెమరు వేస్తుంటాయి. రెండు వందల మంది పట్టే గది లోపల ఒక్కరూ ఉండరు. గోడ బయట మాత్రం మూడు తరాలు ఉంటాయి, మేకలతో సహా.

నేను అనంతపురం వాణ్ని. జోధ్‌పుర్, బాడ్‌మేర్ వైపు కొన్నేళ్ళు కట్టడాల పని చేశాను. ఈమధ్య వాస్తుశిల్పుల సదస్సుల్లో తరాలను కలిపే భవనాల గురించి తెగ మాట్లాడుతున్నారు. తెర మీద చూపించే బొమ్మల్లో తాతా మనవరాలూ ఒకే బల్ల మీద కూర్చుని నవ్వుతుంటారు. ఎవరికీ చెమట పట్టదు. ఏ కోడలి ముఖం మీదా ముసుగు ఉండదు. ఆ బొమ్మలు చూపించే వాళ్ళను నేను అడిగేది ఒకటే. పెళ్ళి లేదు, సభ లేదు, ఎన్నికలు లేవు. మే నెల మిట్టమధ్యాహ్నం ఇక్కడికి ఎవరు వస్తారు, ఏ పని మీద వస్తారు? దీనికి జవాబు లేని భవనం ఎంత అందంగా ఉన్నా దానికి తాళమే గతి. ఎడారిలో కలుసుకోవడం కోసమని ఎవరూ ఇల్లు కదలరు. నీడ కోసం, నీళ్ళ కోసం, పని కోసం కదులుతారు. కదిలిన తర్వాత కలుస్తారు.

ముందు ఎండ సంగతి. 2016 మే 19న ఫలోదీలో 51 డిగ్రీలు నమోదయింది. మన దేశంలో అంతకు ముందెప్పుడూ అంత ఎండ నమోదు కాలేదు. అలాంటి ఎండ మనుషులను మాడ్చడంతో ఆగదు, ఇంటిల్లిపాదినీ తలో దిక్కుకు తోసేస్తుంది. వేడికి ముందుగా తల్లడిల్లేది వృద్ధులు కాబట్టి వాళ్ళు ఇంట్లో అన్నిటికన్నా లోపలి చీకటి గదిలోకి పోతారు. బడి ఉన్న రోజుల్లో పిల్లలు బడిలో ఉంటారు. కోడళ్ళు పొయ్యి దగ్గర, పశువుల దగ్గర ఉంటారు. సంపాదించే మగవాళ్ళలో చాలామంది అసలు ఊళ్ళోనే ఉండరు, సూరత్‌లోనో దుబాయ్‌లోనో ఉంటారు. ఉదయం పదింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా ఒక తరం ఇంకో తరం కంట పడదు. కాబట్టి ఎడారిలో తరాలను కలపడం మొదట నీడకు సంబంధించిన పని. అనురాగాలు, ఆప్యాయతలు తర్వాత.

నీడకు లెక్కలున్నాయి. మే నెలాఖరున బాడ్‌మేర్‌లో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. నాలుగు మీటర్ల గోడ పక్కన ఆ వేళ మూరెడు నీడ కూడా పడదు. గోడలను నమ్ముకుంటే సాయంత్రం దాకా ఆగాలి. మధ్యాహ్నానికి కప్పు కావాలి, లేదా చెట్టు కావాలి. అక్కడ దొరికే చెట్టు ఖేజ్డీ, అంటే మన జమ్మి. తెలంగాణకూ రాజస్థాన్‌కూ రాష్ట్ర వృక్షం అదే. అది పెరిగి నీడ ఇచ్చేసరికి ఒక తరం గడిచిపోతుంది. అయినా హాలు కోసం స్థలం చదును చేసే యంత్రం మొదట కూల్చేది దాన్నే, ఎందుకంటే నక్షాలో చెట్టుకు చోటుండదు. నన్ను అడిగితే చెట్టును మధ్యలో ఉంచి నక్షా దాని చుట్టూ గీయాలి.

ఇక కప్పు, గోడలు. పన్నెండు సెంటీమీటర్ల కాంక్రీటు స్లాబు మధ్యాహ్నానికే కాగిపోయి రాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. నలభై అయిదు సెంటీమీటర్ల రాతి గోడ గుండా ఎండ వేడి లోపలికి చేరడానికి సుమారు పది గంటలు పడుతుంది. ఆ వేడి గదిలోకి వచ్చేసరికి జనం డాబా మీద పక్కలు వేసుకుని ఉంటారు. జైసల్మేర్ పాత ఇళ్ళు ఈ లెక్క మీదే నడిచాయి. పొద్దున వరండాలో, మధ్యాహ్నం లోపల, సాయంత్రం ముంగిట్లో, రాత్రి మేడ మీద. ఇల్లు కదలదు, మనుషులే గంటల ప్రకారం ఇంట్లో కదులుతుంటారు. ఒకే ఒక్క పెద్ద గది కట్టి అన్ని వేళలకూ అదే చాలనడం ఎడారి తెలియని వాళ్ళ ఆలోచన. పాత ఇళ్ళకూ ఒక లోపం ఉంది. మేడ మెట్లు ఇరుకుగా, నిటారుగా ఉంటాయి. మోకాళ్ళు అరిగిన ముసలమ్మకు చల్లగాలి అందని ద్రాక్షే. కథలు చెప్పేది ఆవిడ, వినే పిల్లలు మేడ మీద, ఆవిడ కింద. మెట్టు ఎత్తు పదిహేను సెంటీమీటర్లకు మించకూడదని నేను పట్టుపట్టింది అందుకే. దానికి స్థలం ఎక్కువ పడుతుంది. పట్టనివ్వండి.

అరుగు ఎత్తు గురించి కూడా చెప్పాలి. బాడ్‌మేర్ జిల్లాలోని ఒక ఊళ్ళో వరండా అంచున అరుగు కడుతున్నాం. ఎత్తు తేల్చుకోవడానికి మేస్త్రీ సున్నం లేకుండా ఉత్త ఇటుకలు ఆరు వరుసలు పేర్చి ఉంచాడు. నీళ్ళ కుండతో అటు వెళ్తున్న ఒక దాదీ కుండ దించి దాని మీద కూర్చుంది. కాళ్ళు నేలకు ఆనలేదు. లేచి, మేస్త్రీతో మాట కూడా చెప్పకుండా పై వరుస తానే తీసి పక్కన పెట్టి మళ్ళీ కూర్చుంది. ఈసారి చేత్తో ఆసరా తీసుకోకుండా లేచింది. "బేటా, ఇప్పుడు చూడు, పిల్లాడు కూడా ఎక్కగలడు" అంది. వెనకాలే వస్తున్న మనవడు నిజంగానే ఎక్కి కూర్చున్నాడు. కొలిస్తే నలభై అయిదు సెంటీమీటర్లకు వేలెడు తక్కువ వచ్చింది. వృద్ధులకు వేరే బల్లలు, పిల్లలకు వేరే బల్లలు అని డబ్బు తగలేయడం కన్నా ఆ ఒక్క వరుస తీయడం మేలు.

"పూర్వం అందరూ కలిసిమెలిసి ఉండేవారు, హథాయి ఉండేది" అని నిట్టూర్చే వాళ్ళు అక్కడ చాలామంది. హథాయి మార్వాడ్ ఊళ్ళలో పెద్దమనుషులు కూర్చునే అరుగు, మనకు రచ్చబండ ఉన్నట్టు. ఆ నిట్టూర్పుతో నాకు పేచీ ఉంది. అక్కడ కూర్చునేది మగవాళ్ళు, అందులోనూ కొన్ని కులాల మగవాళ్ళు. దళితులు అరుగు ఎక్కడానికి వీల్లేదు. కోడలు ముసుగు దించుకుని, చెప్పులు చేత పట్టుకుని దాని ముందు నుంచి దాటాలి. తాతలూ మనవళ్ళూ అక్కడ కలిశారంటే నిజమే. నానమ్మలూ మనవరాళ్ళూ ఎక్కడ కలిశారని అడిగితే హథాయి గురించి మురిసిపోయే వాళ్ళ దగ్గర జవాబు లేదు. కొత్తగా కట్టే భవనం దాన్నే రంగు వేసి తిరిగి తెచ్చేటట్టయితే కట్టకపోవడమే నయం.

అలాగని మామగారి ముందు కోడలిని ఒకే జంపఖానా మీద కూర్చోబెట్టే నక్షా గీస్తే ఆ కోడలు రెండో రోజు నుంచి రాదు. నేను చూసినంతలో తరాలు కలవడానికి ఒకే చాప అక్కర్లేదు. ఒకరి మాట ఒకరికి వినిపించేంత దూరం చాలు. ముంగిలి ఒకటే ఉండాలి, దానికి వాకిళ్ళు రెండు ఉండాలి. ఆడవాళ్ళు వచ్చే వాకిలి వెనక సందులో కాకుండా నీళ్ళ వైపు, గాలి వచ్చే వైపు ఉండాలి. ఎత్తులో చిన్న తేడాలుండాలి. చూపు దాటని చోట మాట దాటుతుంది. ఇలా కట్టడం పాత కట్టుబాట్లకు తలవంచడమేనని ఢిల్లీ నుంచి వచ్చిన ఒక మిత్రురాలు నాతో గట్టిగా పోట్లాడింది. కొంత నిజమే. అయితే మొదటి అంగ ముంగిట్లోకి పడితే రెండో అంగ ఎటు వేయాలో ఆ కోడలే చూసుకుంటుంది. ఆమె తరఫున ఆ అంగ వేయడం నా పని కాదు.

గల్ఫ్ దేశాల మజ్లిస్, అంటే అతిథులతో కూర్చుని మాట్లాడుకునే గది, కూడా ఇలాంటిదే. యు.ఏ.ఈ., సౌదీ, ఒమన్, ఖతర్ కలిసి 2015లో దాన్ని యునెస్కో జాబితాలో చేర్పించుకున్నాయి. పిల్లలు పెద్దల పక్కన కూర్చుని, అతిథులకు కాఫీ పోస్తూ మాట తీరు నేర్చుకుంటారు. ఆడవాళ్ళకు వేరే మజ్లిస్ ఉంటుంది. జగిత్యాల, సిరిసిల్ల, కడప నుంచి అక్కడికి వెళ్ళి డ్రైవర్లుగా, వంటవాళ్ళుగా పని చేసిన మనవాళ్ళలో ఎంతమంది ఆ గది గుమ్మం దాకా పళ్ళెం మోసుకెళ్ళి ఉంటారో. ఒకరి ఇంట్లో తరాలు కలుస్తుంటే చూస్తూ, తన కొడుకు పెరగడం ఫోనులో చూసుకున్న వాళ్ళు వాళ్ళు. ఎడారి భవనాల గురించి ఎవరినైనా సలహా అడగాలంటే నేను ముందు వాళ్ళను అడుగుతాను.

నీళ్ళ దగ్గరికి వస్తే అసలు విషయం తేలిపోతుంది. జైసల్మేర్‌లో ఏడాదంతా కలిపినా సగటున సుమారు 200 మిల్లీమీటర్ల వానే పడుతుంది. ఆ కొద్ది నీటినీ పట్టడానికి ఊరూరా నాడీలు, అంటే కుంటలు, ఇంటింటా టాంకాలు, అంటే భూమిలో కట్టిన గుండ్రటి తొట్లు ఉంటాయి. చుట్టూ వాన నీరు జారే చదునైన నేలను ఆగోర్ అంటారు. దాని మీద చెప్పులతో నడవరు, పశువులను వదలరు. ఈ నియమాన్ని బడిలో ఎవరూ నేర్పలేదు. చెప్పులతో వెళ్ళబోయిన పిల్లాడిని ముసలమ్మ కేకేసి ఆపితే అక్కడే నేర్చుకున్నాడు. పూడిక తీయడానికి ల్హాస్ కడతారు. కూలి లేకుండా ఊరంతా కలిసి పని చేసి, కలిసి తింటారు. ఆడవాళ్ళకు హథాయి లేకపోయినా నీళ్ళ రేవు ఉంది. అత్తాకోడళ్ళ తగవులు, పెళ్ళి సంబంధాలు, పురుటి కబుర్లు అన్నీ అక్కడే.

తిలోనియా ఈ కిటుకు తెలిసిన చోటు. అది అచ్చమైన ఎడారి కాదు, అజ్మేర్ జిల్లాలోని మెట్ట ప్రాంతం. బంకర్ రాయ్ 1972లో అక్కడ మొదలుపెట్టిన సంస్థ ఇప్పుడు బేర్‌ఫుట్ కాలేజీగా లోకానికి తెలుసు. 1980ల చివర్లో కట్టిన వాళ్ళ ఆవరణలో ఆరుబయటి రంగస్థలం కింద సుమారు 4 లక్షల లీటర్ల వాన నీరు నిలిచే తొట్టి ఉంది. పైన బొమ్మలాట, కింద నీళ్ళు. కప్పులు కారకుండా పూత వేసింది ఊరి ఆడవాళ్ళు, బెల్లం కలిపే తమ పాత పద్ధతిలో. ఏ ఇంజనీరూ ఆ పూత వివరం వాళ్ళ దగ్గర పూర్తిగా రాబట్టలేకపోయాడని చెబుతారు, నాకు ఆ మాట వింటే సంతోషంగా ఉంటుంది. పగలు మేకలు కాసే పిల్లలకు రాత్రి బడులు నడిపారు. ఆ పిల్లలు ఓట్లేసి తమ పార్లమెంటును ఎన్నుకునేవారు. జోఖిమ్ చాచా అనే బొమ్మకు మూడు వందల ఏళ్ళ వయసట. తాగుడు గురించి, ఆడపిల్లల చదువు గురించి, కోడలు మామగారితో అనలేని మాటలన్నీ ఆ చాచా అనేస్తాడు. అమ్మమ్మలకు సోలార్ దీపాల పని నేర్పుతారు. ఆఫ్రికా పల్లెల నుంచి వచ్చిన వాళ్ళు కూడా ఆరు నెలలుండి నేర్చుకుని వెళ్ళారు. ఆ ఆవరణకు 2001లో ఆగా ఖాన్ వాస్తు పురస్కారం వచ్చింది. కట్టిన ఘనత వాస్తుశిల్పిదా, ఊరి మేస్త్రీలదా అన్న తగవు లేచి సంస్థ దాన్ని తిరిగి ఇచ్చేసింది. ఘనత ఎవరిదైనా, అక్కడ ముసలివాళ్ళు ఉత్త ప్రేక్షకులు కారు. పూత వేసేది వాళ్ళు, దీపం బిగించేది వాళ్ళు. ముసలివాళ్ళను కూర్చోబెట్టి దండలు వేసే భవనాలకూ దీనికీ తేడా అదే.

ఆ తేడాను ఇంకా పెద్ద ఎత్తున చూడాలంటే సహారా అంచున మాలి దేశంలోని జెన్నె ఊరికి వెళ్ళాలి. అక్కడి పెద్ద మసీదు మొత్తం మట్టితో కట్టింది, ఇప్పుడున్న కట్టడం 1907 నాటిది. ఏటా వానలకు ముందు ఊరంతా కలిసి దానికి మట్టి పూత పూస్తారు. కుర్రవాళ్ళు గుంటల్లో దిగి ఊక కలిపిన మట్టిని కాళ్ళతో తొక్కుతారు. ఆడవాళ్ళు, ఆడపిల్లలు నీళ్ళు మోస్తారు. గోడల్లోంచి బయటికి పొడుచుకొచ్చిన తాటి దుంగల మీద మేస్త్రీలు ఎక్కి పూస్తారు. వయసు మళ్ళిన మేస్త్రీలు చౌకులో గౌరవ స్థానంలో కూర్చుని చూస్తారు. ఆ గోడకు మన ఇంజనీర్లు కోరుకునే పెద్ద గుణం లేదు, అది ఏటా పాడవుతుంది. ఏటా పాడవుతుంది కాబట్టే ఏటా అందరూ రావాలి. మన టెండర్లలో మరమ్మతు అక్కర్లేని కట్టడం అని గొప్పగా రాసుకుంటాం. మరమ్మతు అక్కర్లేని భవనానికి మనుషులతోనూ అక్కర ఉండదు. ఇక్కడ నన్ను రొమాంటిక్ అని తిట్టే వాళ్ళకు ఒక సంగతి గుర్తు చేస్తాను. 2009లో ఒక పెద్ద వానకు ఆ మసీదు బురుజు పై భాగం కూలింది. మట్టిలో ప్రమాదం ఉంది. అందుకే పునాది, కప్పు గట్టి పదార్థంతో కట్టి, అరుగులు, ముంగిలి, లోపలి గోడలు మాత్రం ఏటా అలికేటట్టు వదలమంటాను. థార్‌లో దీపావళికి ముందు ఆడవాళ్ళు ఇళ్ళు అలుకుతారు. అలకడానికి హాల్లో కూడా ఒక గోడ ఉంటే ఆ గోడ తమదని వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఉద్దేశం మంచిదైతే చాలదని చెప్పడానికి వాస్తుశిల్పి హసన్ ఫతీ కట్టిన కొత్త గుర్నా ఉంది. ఈజిప్టులో లక్సర్ ఎదుటి ఒడ్డున 1945లో మొదలైన ఊరు. మట్టి ఇటుకలు, గుమ్మటాలు, మసీదు, బజారు, నాటకశాల, వృత్తులు నేర్పే చోటు, అన్నీ ఉన్నాయి. ఎడారి కట్టడాల విద్యలో ఆయన అందరికీ గురువు. కానీ ఊరు ఎవరి కోసం కట్టారో వాళ్ళు చాలావరకు రాలేదు. వాళ్ళ బతుకుతెరువు పాత గుర్నాలో, ప్రాచీన సమాధుల మీద ఉంది. వాళ్ళను అక్కడి నుంచి కదిలించాలన్నది ప్రభుత్వం కోరిక, వాళ్ళది కాదు. కలుసుకోవడానికి ఇన్ని చోట్లు కట్టిన మహానుభావుడికే ఇలా జరిగితే, శిలాఫలకం కోసం కట్టే మన హాళ్ళ గురించి చెప్పేదేముంది?

జైసల్మేర్ దగ్గర కనోయీలో 2021లో తెరుచుకున్న రాజకుమారి రత్నావతి బాలికల పాఠశాల ఫోటోలు మీరు చూసే ఉంటారు. పసుపు రాయి, అండాకారం, మధ్యలో ముంగిలి. అమెరికా వాస్తుశిల్పి డయానా కెల్లాగ్ గీసిన నక్షాను స్థానిక మేస్త్రీలు అక్కడి రాతితోనే కట్టారు. సుమారు 400 మంది ఆడపిల్లల కోసం. రంధ్రాలు చెక్కిన జాలీ గోడలు గాలిని లాగుతాయి. సోలార్ పలకలు మోసే ఇనుప చట్రానికే ఉయ్యాలలు వేలాడదీశారు. పత్రికలన్నీ అండాకారం గురించి పేజీలు నింపాయి. నాకు నచ్చింది వేరే. బడి పక్కనే తల్లులు నేత, కుట్టు పని చేసుకునే మహిళా కేంద్రం, ప్రదర్శనలకూ గ్రంథాలయానికీ ఇంకో కట్టడం ఆ పథకంలో ఉన్నాయి. కూతురు చదివే ఆవరణకే తల్లి సంపాదన కోసం వస్తుంది. కూతురిని బడి మాన్పించే వయసు వచ్చిందని ఇంట్లో గొణుగుడు మొదలైనప్పుడు ఈ ఏర్పాటు చేసే మేలు ఏ అండాకారమూ చేయదు.

ఇప్పుడు అసలు చిక్కు. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్‌తో ఇంటింటికీ కుళాయి వస్తోంది. రావాలి కూడా. నెత్తిన కుండలతో కిలోమీటర్లు నడిచిన ఆడవాళ్ళను, మీ కబుర్ల కోసం ఇంకొన్నాళ్ళు మోయండి అనే హక్కు ఎవరికీ లేదు. అయితే రేవు దగ్గర కలిసే చోటు దాంతోపాటే పోతోంది. దాని బదులు ఏమి పెట్టాలన్నదే ఇప్పుడు ఎడారి ఊళ్ళలో కట్టడాలు గీసేవాళ్ళ ముందున్న పని. తాళం వేసిన హాలు దానికి బదులు కాదు.

నా జవాబు చాలా మామూలుది. ఆ ఊళ్ళలో అన్ని వయసుల వాళ్ళూ వెళ్ళక తప్పని చోట్లు ఇప్పటికే ఉన్నాయి. 1975 నుంచి ఉన్న అంగన్‌వాడీకి ఆరేళ్ళ లోపు పిల్లలు, గర్భిణులు వస్తారు. చౌక డిపోకు వేలిముద్ర వేయడానికి ముసలివాళ్ళు వస్తారు. ఆరోగ్య ఉపకేంద్రానికి అందరూ వస్తారు. పిండి మరకు కోడళ్ళూ పిల్లలూ తరచు వస్తారు, ఎందుకంటే సజ్జ పిండి కొద్ది రోజులకే చేదెక్కుతుంది, కొంచెం కొంచెంగానే పట్టించుకోవాలి. ఈ నాలుగింటినీ ఒకే నీడ ముంగిలి చుట్టూ పెట్టి, మధ్యలో టాంకా తవ్వి, నీడకు జమ్మి చెట్టు ఉంచితే కమ్యూనిటీ హాలు అని బోర్డు రాయనక్కర్లేదు. అలా ఎందుకు జరగదంటే, అంగన్‌వాడీ ఒక శాఖది, డిపో ఇంకో శాఖది, ఉపకేంద్రం మరో శాఖది, హాలు ఎమ్మెల్యే నిధులది. ఒక్కో శాఖకు ఒక్కో స్థలం, ఒక్కో కాంట్రాక్టరు, పని కొలతలు రాసుకునే ఎం-బుక్ ఒక్కోటి. నాలుగు గదులు ఊరికి నాలుగు మూలల్లో లేస్తాయి. నాలుగింటి మధ్యా ఎండ. ఎడారిలో తరాలను విడదీస్తున్నది ఆధునికత అనీ, సెల్‌ఫోను అనీ వినిపించే ఉపన్యాసాలు నాకు సహించనిది ఇందుకే. ముందు ఆ నాలుగు ఫైళ్ళను ఒక బల్ల మీదికి తెండి.

ఒక ఊళ్ళో రెండు ఫైళ్ళు కలిశాయి. అంగన్‌వాడీ, హాలు ఒకే ముంగిట్లోకి వచ్చాయి. పిండి మర కూడా పెట్టాలని ఆడవాళ్ళు పంచాయతీలో గట్టిగా అడిగారు, యజమాని అద్దె ఇవ్వడానికి ఒప్పుకున్నాడు, ఆ అద్దెతో దీపాల బిల్లు వెళ్ళిపోతుంది. ఇప్పుడు ఆగింది కరెంటు మీటరు దగ్గర. మీటరు పంచాయతీ పేరున ఉంటే వ్యాపారానికి వాడకూడదంటారు, మర యజమాని పేరున అడిగితే ప్రభుత్వ భవనంలో ప్రైవేటు కనెక్షన్ కుదరదంటారు. దరఖాస్తు మూడోసారి రాస్తున్నాం. మర యజమాని మాత్రం మెట్ల పక్క గది కొలతలు తీసుకుని, గోధుమలకు ఒక రాయి, సజ్జలకు ఒక రాయి అని జోధ్‌పుర్‌లో బయానా ఇచ్చి వచ్చాడు.